వైఫై లేనిదే డ్రైవర్ రాదట!

పిచ్చి కుదిరితే గానీ పెళ్లి కాదు, పెళ్లయితే గానీ పిచ్చి కుదరదు. తిరుపతి హాస్టళ్లలో పాత ల్యాప్‌టాప్‌లో లినక్స్ మింట్ తీసేసి ఇంకో లినక్స్ రకమైన ఫెడోరా ఎక్కించే పిల్లల గతి ఇదే. లోపలి వైఫై కార్డు బ్రాడ్‌కామ్ బీసీఎమ్ 43142 అయిందా, సెట్టింగ్స్‌లో వైఫై అన్న మాటే కనబడదు. ఆ కార్డును నడిపించే సాఫ్ట్‌వేరే డ్రైవర్; మింట్‌లో డ్రైవర్ మేనేజర్‌లో టిక్కు పెడితే పనైపోయేది. ఫెడోరాలో ఆర్‌పీఎమ్ ఫ్యూజన్ అనే బయటి సాఫ్ట్‌వేర్ భాండారాన్ని కలుపుకోవాల, అందులోంచి ఏకేమాడ్-డబ్ల్యూఎల్ (akmod-wl) అనే డ్రైవర్ ప్యాకేజీ దించుకోవాల. దించడానికి నెట్ ఏదీ? ఫోన్‌ను కేబుల్‌తో తగిలించి యూఎస్‌బీ టెథరింగ్ పెట్టి ఫోన్ నెట్‌ను ల్యాప్‌టాప్‌కు ఇవ్వడమే దారి. అంతా అయ్యాక, సంతకం లేని సాఫ్ట్‌వేర్‌ను ఆపే సెక్యూర్ బూట్ అడ్డం! ఆ సంతకపు కీని ల్యాప్‌టాప్‌లో నమోదు (ఎన్‌రోల్) చేయకపోతే డ్రైవర్ మాడ్యూల్‌ను లినక్స్ గుండెకాయైన కెర్నల్ లోపలికే రానివ్వదు. డబ్బు పెట్టి కొన్న కార్డుకు ఇన్ని తిప్పలేంది? డిస్ట్రో (లినక్స్ రకం) మార్చకముందే టెర్మినల్‌లో ఎల్‌ఎస్‌పీసీఐ -ఎన్‌ఎన్‌కే (lspci -nnk) కొట్టి చూడండి. 14ఈ4:4365 (14e4:4365) అని వస్తే అది ఈ కార్డే; ఫోన్ కేబుల్ చేతిలో పెట్టుకునే మొదలుపెట్టండి.