బండి వెనక సీటు గురించి నాలుగు మాటలు

మొన్న కార్తీకంలో నాలుగు రోజులు బండి మీద తిరిగొచ్చాం, నేనూ మా ఆయనా. హనుమకొండ నుంచి కాళేశ్వరం, అక్కణ్నుంచి మంథని, మంచిర్యాల, జన్నారం, నిర్మల్, కుంటాల జలపాతం. తిరుగుదారిలో బాసర, నిజామాబాద్, కరీంనగర్. మొత్తం దాదాపు 750 కిలోమీటర్లు. ఫొటోలు పెట్టగానే అందరూ ఆయన్నే అడిగారు. మైలేజ్ ఎంతొచ్చింది, నడుము నొయ్యలేదా అన్నా, టైర్లు ఏవి వేయించావు అని. నేనూ అదే బండి మీద అన్ని కిలోమీటర్లూ కూర్చున్నా. నన్ను ఒక్కటే అడిగారు: "భయం కాలేదా?"

నాకు చాలా కోపం వచ్చింది. లాంగ్ ట్రిప్ అంటే మన దగ్గర మాటలన్నీ నడిపేవాళ్ల చుట్టే తిరుగుతాయి. వెనక కూర్చున్న మనిషి ఎట్లా వచ్చింది, ఏం తిన్నది, ఎక్కడ ఆగాలనుకుంది అని ఎవరూ అడగరు.

హెల్మెట్ సంగతే చూడండి. ఆయనకు వేలు పెట్టి మంచిది కొన్నాం. నాకు మాత్రం బండితో పాటు ఊరికే ఇచ్చిన టోపీ లాంటిది. బయల్దేరే ముందు రోజు పెట్టుకుని తల అటూ ఇటూ ఊపితే హెల్మెట్ ఒకవైపు, నా మొహం ఒకవైపు. పడితే ఆగేది నెత్తి మీద కాదు, రోడ్డు మీద. అప్పటికప్పుడు పోయి ఐఎస్ఐ గుర్తున్నది, తలకు బిగువుగా కూర్చునేది కొనుక్కున్నా. కొప్పు ఉంటే కుదరదు, జడ కిందికి వేసుకుంటేనే సరిగ్గా పడుతుంది. మోటారు వాహనాల చట్టం 129వ సెక్షన్ వెనక కూర్చున్నవాళ్లకూ హెల్మెట్ ఉండాలనే చెబుతుంది. హనుమకొండ చౌరస్తాలో పది నిమిషాలు నిలబడి చూడండి, వెనక ఎంతమంది ఆడవాళ్లకు హెల్మెట్ ఉందో. చంకలో పిల్ల, నెత్తి మీద కొంగు. కడుపులో దేవినట్టవుతుంది నాకు.

ఇంకోటి శారీ గార్డ్. వెనక చక్రాన్ని కనీసం సగం కప్పేట్టు అడ్డు ఉండాలని, పట్టుకోవడానికి హ్యాండిల్, కాళ్లకు ఫుట్‌రెస్ట్ ఉండాలని 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమాల్లోనే ఉంది. బట్టలు చక్రంలో పడకుండా పెట్టిన నియమం అది. కొత్త బండి కొనగానే మనవాళ్లు చేసే మొదటి పని దాన్ని పీకించడం, బండి లుక్ పోతుందని. మా బండికీ పీకించారు, నేనూ అప్పుడు ఏమీ అనలేదు. జన్నారం దాటాక కవ్వాల్ అడవి దారిలో నా చున్నీ కొస వెనక చక్రంలో పడింది. మెడ దగ్గర ఒక్కసారి గుంజింది. స్పీడ్ బ్రేకర్ వచ్చి బండి అప్పటికే నెమ్మదైంది కాబట్టి చున్నీ చిరిగి పోయింది, నేను మిగిలాను. పక్కకు ఆపి ఇద్దరం చాలాసేపు మాట్లాడుకోలేదు. ఆయన చేతులు వణుకుతున్నాయి. ఇంటికొచ్చిన తెల్లారే గార్డ్ మళ్లీ పెట్టించాడు. అందం పోతే పోనీ.

నీళ్ల సంగతి ఆడవాళ్లకు చెప్పక్కర్లేదు. దారిలో టాయిలెట్ దొరకదేమోనన్న టెన్షన్‌తో మొదటి రోజంతా గుక్కెడు నీళ్లతో గడిపాను. రాత్రికి తల పగిలిపోయింది. రెండో రోజు ఒక బంకులో ఆగితే లేడీస్ టాయిలెట్‌కు తాళం, చెవి ఓనరు దగ్గరుందట. గాలి, తాగేనీళ్లు, టాయిలెట్ ఉచితమని బోర్డు మాత్రం పెద్దగా రాసి ఉంది. పెట్రోల్ పోయించుకునేదాకా ఆగిన మనిషికి తలుపు తీయడానికి ఏం అడ్డమొచ్చింది?

ఇన్ని చెప్పానని మా అత్తమ్మ మాట నిజమనుకోకండి. "గంత దూరం బండి మీదెందుకు బిడ్డా, బస్సుల పోరాదు?" అన్నదామె. ఆమె భయం నాకు అర్థమైంది. కానీ వెనక సీట్లో దొరికింది నాకు బస్సు కిటికీలో దొరకలేదు. నడిపే మనిషి చూపంతా రోడ్డు మీదే. చేన్లన్నీ నావి. పరకాల దాటినప్పటి నుంచీ చేన్లలో పత్తి తెల్లగా విచ్చుకుని ఉంది. ఆడవాళ్లు నడుముకు సంచులు కట్టుకుని ఏరుతున్నారు, ఒకామె నన్ను చూసి చెయ్యి ఊపింది. కాళేశ్వరంలో ఒకే పానవట్టం మీద రెండు లింగాలకు దండం పెట్టుకుని, ప్రాణహిత గోదావరిలో కలిసే చోట మెట్ల మీద గంటసేపు కూర్చున్నాం. కుంటాలలో మెట్లన్నీ దిగి కింద నిలబడితే నీటి తుంపర మొహాన కొట్టింది. మళ్లీ పోతాను, తప్పకుండా పోతాను.

అందుకే పోయే జంటలకు చెబుతున్నా. ఎక్కడ ఆగాలన్నది వెనక మనిషి కూడా చెప్పాలి. మేము మూడో రోజు నుంచి గంటకోసారి ఆగాం. ఇద్దరు కూర్చుంటే వెనక టైరులో గాలి ఎక్కువ ఉండాలి. మా బండి పుస్తకంలో ఒక్కరికి 32, ఇద్దరికి 36 అని ఉంది. మొదటి రోజు అలవాటుగా 32 కొట్టించుకుని పోయాం, ప్రతి గుంతా నా వెన్నులో తెలిసింది. నడిపేవాడికి గుంత ముందే కనపడుతుంది, కాళ్ల మీద బరువు వేసుకుంటాడు. వెనక మనిషికి దెబ్బ తగిలాకే తెలుస్తుంది. భుజం మీద తట్టి చెప్పండి, లేదా అరవండి.

నాలుగో రోజు మెట్‌పల్లి దగ్గర బండి నేను తీసుకున్నా. నాకూ గేర్ బండి లైసెన్స్ ఉంది. ఆయన వెనక కూర్చున్నాడు. కోరుట్ల రాకముందే ఒక స్పీడ్ బ్రేకర్ మీద ఎగిరిపడి "చెప్పాలి కదా!" అన్నాడు. జగిత్యాల దాటి కొండగట్టు దగ్గర చాయ్‌కి ఆగినప్పుడు నడుము పట్టుకుని దిగాడు, ఏమీ మాట్లాడలేదు. అక్కణ్నుంచి మళ్లీ బండి ఆయన తీసుకున్నాడు. హనుమకొండ వచ్చేదాకా ప్రతి గుంతకూ, ప్రతి బ్రేకర్‌కూ ముందే అరిచి చెబుతూ వచ్చాడు.