స్టూడియో పెడస్టల్ ఫ్యాను గారికి ఒక అర్జీ

మహారాజశ్రీ పెడస్టల్ ఫ్యాను గారి సముఖమునకు, విజయనగరం మూడు లాంతర్ల నుంచి ఒక ప్రేక్షకుడు నమస్కరించి రాయునది.

ఉభయకుశలోపరి. టీవీ కామెడీ షోల్లో ప్రేమ పుట్టించే పనంతా తమరి రెక్కల మీదే నడుస్తోందని తెలిసి ఈ ఉత్తరం. స్కిట్టులో అబ్బాయీ అమ్మాయీ ఎదురుపడతారు. అంతవరకూ ఒకరి మాట ఒకరు వినరు, తమ డైలాగు వంతు ఎప్పుడొస్తుందా అని కాచుకుని ఉంటారు. ఇంతలో తమరు తిరుగుతారు. ఆమె జుట్టు ఎగురుతుంది, వయొలిన్ మోగుతుంది, పైనుంచి పూలరేకులు, అతని మొహం మూడు వైపుల నుంచి మూడుసార్లు. "కెమిస్ట్రీ అదిరింది" అంటారు జడ్జిగారు. పండగ స్పెషలైతే ఏకంగా చేతికి తాళిబొట్టే ఇస్తారు. ప్రోమోలో ముడి పడేలోపు కట్! ఆ అమ్మాయి కాఫీ తాగుతుందో టీ తాగుతుందో ఆ పెళ్లికొడుక్కి తెలుసునంటారా?

అదే షోల్లో తమరు కన్నెత్తి చూడని జోడీ ఒకటుంది. 2013లో ఈటీవీలో జబర్దస్త్ మొదలయ్యాక మీసం తీయించుకుని చీర కట్టిన మగవాళ్లు ఎన్ని స్కిట్లలో పెళ్లాలయ్యారో! విగ్గు జారుతుంటుంది, గొంతు బొంగురు. అయినా ఆ "భార్య" నడుం మీద చెయ్యేసి "జీతం ఏదీ?" అనగానే మొగుడు అబద్ధం కోసం తడుముకునే అరక్షణం ఉంది చూశారూ, అందులో పదేళ్ల కాపురం కనిపిస్తుంది. ఆవిడ అడిగింది ఆయన చెవిన పడింది మరి. (ఈ మాటంటే మా ఆవిడ నన్ను అదోలా చూసింది.)

అంతెందుకు, 2001లో జెమినీలో మొదలైన అమృతం సీరియల్లో అమృతం వేషం శివాజీరాజా, నరేష్, హర్షవర్ధన్ ముగ్గురూ కట్టారు. మొగుడు వేషగాడు రెండుసార్లు మారినా ఆ కాపురం కూలలేదు. తమరి గాలి అక్కర్లేకుండానే రాసినవాళ్లు నిలబెట్టారు.

మా ఊరివాళ్లం ఈ విషయంలో కాస్త గడుసువాళ్లం లెండి. 1892లో కన్యాశుల్కం మొదట ఆడింది ఇక్కడే. మధురవాణి ఇంట్లో ఒకే మంచం కింద దూరిన గిరీశానికీ రామప్పంతులుకీ కుదిరిన కెమిస్ట్రీలో వీసమెత్తయినా తమరి ప్రేమజంటలకి ఉంటే ఒట్టు.

మొన్న గంటస్తంభం దగ్గర టిఫిన్ బండి. ఆయన అట్టు తిప్పుతున్నాడు, ఆవిడ పార్శిల్ కడుతోంది. "సట్నీ అయిపోనాది, సూసుకోవేటి?" అంది ఇటు తిరక్కుండానే.

"సూసేను. నువ్వు తిడతావని ఆగేను."

ఆవిడకి నవ్వొచ్చింది. అది బయటపడకుండా పార్శిల్ దారం పళ్లతో గట్టిగా కొరికింది. నూనె రాసి బిగించిన కొప్పు. తమరు ఫుల్ స్పీడులో తిరిగినా ఒక్క వెంట్రుక కదల్దు.

కాబట్టి మనవి ఏమనగా, వచ్చే సంక్రాంతి స్పెషల్లో ఒక్క స్కిట్టుకి తమరు సెలవు పెట్టాలి. వెళ్తూ వెళ్తూ పూలరేకుల వారినీ వయొలిన్ వారినీ కూడా తీసుకుపోవాలి. ఆ జంటని వంటగదిలో నిలబెట్టి గ్యాస్ బండ అయిపోయిందని చెప్పమనండి. బుక్ చెయ్యడం మర్చిపోయింది ఎవరో, ఆ తప్పు ఎవరి నెత్తిన రుద్దుతారో రాయమనండి. రాయడం చేతకాకపోతే మళ్లీ స్విచ్ వేసుకోవచ్చు, కరెంటు బిల్లు ఎలాగూ ఛానెల్ వారిదే.

ఇట్లు,
తమరి గాలి సోకని ఒక ప్రేక్షకుడు