అయస్కాంతం రేడియేషన్‌ను పీల్చుకోదు, ఆ మెసేజ్ పంపడం ఆపండి

ఈ వారంలో ఆ మెసేజ్ నాకు ఆరుసార్లు వచ్చింది. "ఫోన్ రేడియేషన్ నుంచి మీ కుటుంబాన్ని కాపాడే 5 చిట్కాలు" అని మొదలై, పదిమందికి పంపమని ముగుస్తుంది. అయిదుసార్లు చూసి వదిలేశాను. ఆరోసారి పంపింది మా పెద్దమ్మ. ఆవిడ ఛాతీలో ఐసీడీ ఉంది, అంటే గుండె లయ ప్రమాదకరంగా తప్పినప్పుడు షాక్ ఇచ్చి ప్రాణం నిలబెట్టే పరికరం. రెండో చిట్కా ఏమిటో నాకు తెలుసు కాబట్టి వెంటనే ఫోన్ చేశాను.

ముందు మొదటిది. స్పీకర్ పక్కన ఫోన్ పెడితే బర్ర్‌మని మోత వస్తుంది, మీ మెదడులోనూ అదే జరుగుతోంది అంటుంది మెసేజ్. మోత నిజమే. 2జీ ఫోన్ ఎడతెగకుండా ప్రసారం చేయదు, సెకనుకు సుమారు 217 సార్లు విడివిడిగా తరంగాలు వదులుతుంది. స్పీకర్ తీగ యాంటెన్నాలా వాటిని అందుకుంటుంది. ఆంప్లిఫయర్‌లోని ట్రాన్సిస్టర్లు వాటిని మనకు వినిపించే శబ్దంగా మారుస్తాయి. 4జీ ఫోన్ పెడితే ఆ మోత చాలావరకు ఉండదు. మెసేజ్ తర్కం ప్రకారం అప్పుడు మెదడుకు ఏమీ కానట్టేనా? అది ఆంప్లిఫయర్ సమస్య. షీల్డ్ ఉన్న కేబుల్ వాడినా, తీగలోకి చేరే ఇలాంటి తరంగాలను అణిచే ఫెర్రైట్ బిళ్ల తగిలించినా తగ్గుతుంది.

ఇక రెండోది: "ఫోన్ వెనక చిన్న అయస్కాంతం అంటించి చొక్కా జేబులో పెట్టుకోండి, అది తరంగాలను పీల్చేస్తుంది."

పీల్చదు. స్థిరంగా ఉండే అయస్కాంత క్షేత్రం గాలిలో వెళ్తున్న రేడియో తరంగాన్ని పట్టుకోలేదు, పక్కకు లాగలేదు. రెండూ ఒకే చోట ఉండి ఒకదాన్నొకటి పట్టించుకోకుండా సాగిపోతాయి. ఎంఆర్ఐ గదిని చూడండి. లోపల 1.5 టెస్లా అయస్కాంతం ఉంటుంది, భూమి అయస్కాంత క్షేత్రానికి అది వేల రెట్లు. అంత అయస్కాంతం ఉన్నా బయటి రేడియో ప్రసారాలు లోపలికి రాకుండా గోడలకు రాగి రేకు వేయాల్సి వస్తోంది. రోగి శరీరం నుంచి 64 మెగాహెర్ట్జ్ దగ్గర వచ్చే సంకేతం చాలా బలహీనం కాబట్టి, ఆ రేకు లేకపోతే బొమ్మ పాడైపోతుంది. అయస్కాంతమే తరంగాలను మింగేస్తే ఆ రాగి ఎందుకు?

పనికిరాని చిట్కా అంతటితో ఆగితే నేనూ ఊరుకునేదాన్ని. కానీ చొక్కా జేబు ఎక్కడుంటుంది? పేస్‌మేకర్, ఐసీడీ అమర్చే చోటికి ఆనుకునే ఉంటుంది. అయస్కాంతం దగ్గరకొస్తే స్పందించేలా ఆ పరికరాలను కావాలనే తయారుచేస్తారు. ఆపరేషన్ సమయంలో అవసరమైతే డాక్టర్లు వాటిని అలాగే అదుపు చేస్తారు. సుమారు 10 గాస్‌ల క్షేత్రం చాలు (ఒక టెస్లా అంటే 10,000 గాస్‌లు). పేస్‌మేకర్ అయితే గుండె సొంత చప్పుడును పట్టించుకోకుండా ఒకే వేగంతో కొట్టించడం మొదలుపెడుతుంది. ఐసీడీ అయితే షాక్ ఇవ్వడం మానేస్తుంది. సరిగ్గా అప్పుడే లయ తప్పితే కాపాడేది ఏదీ ఉండదు. మనిషికి ఆ సంగతి తెలియను కూడా తెలియదు. అయస్కాంతాలున్న ఫోన్లను ఇలాంటి పరికరాలకు కనీసం 6 అంగుళాల దూరంలో ఉంచమని అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ 2021లోనే చెప్పింది. ఈ మెసేజ్ సరిగ్గా దానికి ఎదురు చెబుతోంది, అదీ "కుటుంబాన్ని కాపాడండి" అంటూ. పంపేముందు ఒక్కరైనా ఆలోచించరా?

మూడోది, ఫోన్ వెనక అల్యూమినియం ఫాయిల్. ఇక్కడ మెసేజ్‌కు సగం మార్కులు ఇవ్వాల్సిందే. 2.4 గిగాహెర్ట్జ్ తరంగం అల్యూమినియంలో 2 మైక్రాన్లు వెళ్లేలోపే బాగా నీరసిస్తుంది. మామూలు ఫాయిల్ అంతకంటే చాలా మందం. 1836లో ఫారడే లోహపు గదితో చూపించినట్టు, పూర్తిగా మూసేస్తే లోపలికీ బయటికీ ఏదీ పోదు. ఫోన్ కూడా పనిచేయదు. సగం మూస్తేనే చిక్కు. టవర్ సరిగా అందకపోతే ఫోన్ తన ప్రసార శక్తిని పెంచుకుంటుంది. 2జీ ఫోన్ సిగ్నల్ బాగున్నప్పుడు కొన్ని మిల్లీవాట్లతో సరిపెట్టుకుంటుంది, అందనప్పుడు 2 వాట్ల దాకా పోతుంది. రక్షణ అని అంటించిన రేకే ఫోన్ చేత మరింత గట్టిగా అరిపిస్తుందన్నమాట. అదే ఫాయిల్ ట్రాన్స్‌ఫార్మర్ అయస్కాంత క్షేత్రాన్నీ ఆపుతుందని మెసేజ్ కలిపి చెప్పింది. ట్రాన్స్‌ఫార్మర్ క్షేత్రం మన కరెంటులాగే 50 హెర్ట్జ్‌తో నెమ్మదిగా మారుతుంది, అక్కడ అల్యూమినియం పనిచేయాలంటే సెంటీమీటరుకు పైగా మందం కావాలి. అందుకే అలాంటి చోట నికెల్, ఇనుము కలిసిన మ్యూ మెటల్ వాడతారు.

నాలుగోది, కంప్యూటర్ పక్కన ముళ్ల మొక్క. మొక్క అందంగా ఉంటుంది, పెట్టుకోండి. రేడియేషన్‌ను అదేమీ చేయదు.

అయిదోది మాత్రం సరైన మాట: రాత్రి ఫోన్‌ను తలగడ కింద పెట్టుకోవద్దు. దూరం రెట్టింపైతే తీవ్రత దాదాపు నాలుగో వంతుకు పడిపోతుంది. 2011లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ రేడియో తరంగాలను "క్యాన్సర్ కారకం కావచ్చు" అనే 2బీ వర్గంలో పెట్టింది. దానర్థం ప్రమాదం రుజువైందని కాదు, అవకాశాన్ని కొట్టిపారేయలేమని. భయమున్నవాళ్లు ఇయర్‌ఫోన్‌తో మాట్లాడితే చాలు, ఖర్చూ హానీ లేవు.

నేను ఫోన్ చేసేసరికి పెద్దమ్మ అయస్కాంతం అంటించేసింది. ఫోన్ ఇంకా టేబుల్ మీదే ఉందట.