మెట్రో దిగాక ఎలా?

హైదరాబాద్‌లో హైటెక్‌ సిటీ పేరుతో రెండు స్టేషన్లున్నాయి. సైబర్‌ టవర్స్‌ దగ్గర ఉన్నది మెట్రోది, బోరబండ వైపున్నది లోకల్‌ రైలు ఎంఎంటీఎస్‌ది. పేరు ఒకటే గానీ ఒకచోట దిగి రెండోచోటికి నడిచి వెళ్లేంత దగ్గర కాదు. పాతబస్తీలోని యాకుత్‌పురాలో ఎంఎంటీఎస్‌ ఎక్కి ఈ రెండో స్టేషన్లో దిగిన ఉద్యోగికి ఆఫీసు చేరాలంటే చాలాసార్లు షేర్‌ ఆటోనే దిక్కు. అన్ని స్టేషన్లు దాటి రావడానికి పెట్టిన ఖర్చు కన్నా ఈ చివరి రెండు మూడు కిలోమీటర్లకే ఎక్కువవుతోంది.

నగరానికి రవాణా సాధనాలు లేవని కాదు. సర్కారు బస్సు 1932 నుంచీ ఉంది. ఎంఎంటీఎస్‌ 2003లో వచ్చింది. 2017 నవంబరులో మొదలైన మెట్రో మూడు కారిడార్లలో 69 కిలోమీటర్ల దాకా విస్తరించింది. కానీ ఎవరి టైంటేబుల్‌ వారిది, ఎవరి టికెట్‌ వారిది. వీటిని ఒక తాటిపైకి తేవడానికే 2008లో ఉమ్మడి రవాణా సంస్థ హుమ్టాను ఏర్పాటు చేశారు. ఇన్నేళ్లయినా బస్సు, మెట్రో, ఎంఎంటీఎస్‌ మూడింటికీ చెల్లే ఒక్క టికెట్‌ ప్రయాణికుడి చేతికి రాలేదు. చెన్నైలో 2025 సెప్టెంబరు నుంచి ఒకే యాప్‌లో, ఒకే క్యూఆర్‌ టికెట్‌తో సిటీ బస్సు, మెట్రో, సబర్బన్‌ రైలు ఎక్కుతున్నారు. అక్కడా మూడూ వేర్వేరు సంస్థలవే. అక్కడ కుదిరింది ఇక్కడ ఎందుకు కుదరదు?

అన్నిటికన్నా అత్యవసరంగా పట్టించుకోవాల్సింది బస్సును. సాయంత్రం ఆరు దాటాక కోఠిలో ఏ ఆర్డినరీ బస్సునైనా చూడండి. ఫుట్‌బోర్డు మీద వేలాడుతున్నవాళ్లు, లోపల ఆధార్‌ కార్డు చేత్తో పట్టుకుని నిలబడ్డ మహిళలు, జీరో టికెట్లు కొడుతూ ముందుకు కదల్లేని కండక్టర్‌. మహిళలకు ఉచిత బస్సు ప్రయాణం కల్పిస్తూ 2023 డిసెంబరు 9న మొదలైన మహాలక్ష్మి మంచి పథకమని మేం గట్టిగా నమ్ముతున్నాం. ఇళ్లలో పనిచేసే అమ్మలకు, షాపుల్లో పనిచేసే ఆడపిల్లలకు నెలనెలా మిగిలే ఆ డబ్బు చిన్నది కాదు. అయితే రద్దీకి తగ్గట్టు బస్సులు పెరగలేదు. 2019 ఆర్టీసీ సమ్మె తర్వాత నగరంలో వందల సంఖ్యలో బస్సులు తగ్గించారు, ఆ దెబ్బ నుంచే ఇంకా కోలుకోలేదు. దానికి తోడు 2025 అక్టోబరులో ఆర్డినరీ బస్సుల్లో మొదటి మూడు స్టేజీలకు రూ.5, ఆపైన రూ.10 చొప్పున ఛార్జీలు పెంచారు. టికెట్‌ కొనాల్సింది మగవాళ్లే కాబట్టి ఆ భారం నేరుగా కూలీలు, చిరుద్యోగుల మీద పడింది. మెట్రో ఛార్జీలు అదే ఏడాది మే నెలలోనే పెరిగాయి. అటు రైలూ ఇటు బస్సూ ప్రియమైతే జనం బైకు కొంటారు. అమీర్‌పేటలో ట్రాఫిక్‌ ఎందుకు కదలడం లేదో వేరే చెప్పక్కర్లేదు.

మెట్రో రెండో దశలో 76.4 కిలోమీటర్లు, రూ.24,269 కోట్ల ప్రతిపాదనలున్నాయి. అది కావాల్సిందే. కానీ మెట్రో కట్టడానికి ఏళ్లు పడుతుంది, స్టేషన్‌ గుమ్మం దగ్గరికి మినీ బస్సు వేయడానికి నెలలు చాలు. ఈ రెండో పని మొదటిదాని కోసం ఆగకూడదు.

పాతబస్తీ సంగతి మరీ అన్యాయం. మొదటి దశలో ఫలక్‌నుమా దాకా వెళ్లాల్సిన మెట్రో ఎంజీబీఎస్‌ దగ్గరే ఆగిపోయింది. ఇప్పుడు చాంద్రాయణగుట్ట వరకు వేస్తామంటున్నారు. అంతవరకూ అక్కడి జనం ఆటోల్లోనే తిరగాలా? యాకుత్‌పురా, ఉప్పుగూడ, ఫలక్‌నుమాల మీదుగా ఎంఎంటీఎస్‌ పట్టాలు ఇప్పటికే ఉన్నాయి. లేనిది ఎప్పుడొస్తుందో నమ్మకంగా చెప్పగలిగే రైలు. దూరప్రాంత రైళ్లకు దారి ఇవ్వడానికి లోకల్‌ రైలును ఆపేస్తే ఉద్యోగికి ఆ రోజు ఆలస్యం ఖాయం. ఆ టెన్షన్‌ పడలేకే చాలామంది అది ఎక్కడం మానేశారు. ఎంఎంటీఎస్‌ రెండో దశ వ్యయంలో మూడింట రెండొంతులు రాష్ట్రం వాటాయే. కాబట్టి ఉదయం, సాయంత్రం రద్దీ వేళల్లో ఫలక్‌నుమా నుంచి పావుగంటకో రైలు కావాలని దక్షిణ మధ్య రైల్వేను అడిగే హక్కు ప్రభుత్వానికి ఉంది. రెండో దశ మెట్రో అనుమతుల కోసం ఢిల్లీ వెళ్లినప్పుడల్లా ఈ కోరికనూ రైల్వే మంత్రి ముందు పెట్టాలి.