ఆదివారం మాత్రమే పనిచేసే సూర్యుడు

గత వేసవిలో నేను సూర్యుణ్ణి అనుమానించాను. హైదరాబాదు ఎండకు ఊరంతా నెత్తిన తడిగుడ్డ వేసుకుని ఆయన్ని తిట్టుకుంటున్న ఏప్రిల్ నెలలో, ఆయన సరిగ్గా పనిచేయడం లేదని ఆకాశం వంక గుర్రుగా చూసినవాణ్ణి నేనొక్కణ్ణే అయి ఉంటాను.

మాది ఐదంతస్తుల, ఇరవై కాపురాల అపార్టుమెంటు. దానికి నేను కార్యదర్శిని. ఎన్నిక జరుగుతున్నప్పుడు ఫోను మాట్లాడటానికి బయటికి వెళ్లాను. తిరిగి వచ్చేసరికి అందరూ నావైపు చూసి చప్పట్లు కొడుతున్నారు. అలా వచ్చిన పదవిని లిఫ్టు రిపేర్లకీ, నీళ్ల ట్యాంకరు తగాదాలకీ వాడుకుంటూ ఉంటే సరిపోయేది. కానీ ఆఫీసు పని మీద ఒకసారి హైటెక్ సిటీ దగ్గరున్న సొరాబ్జీ గోద్రెజ్ గ్రీన్ బిజినెస్ సెంటర్‌కు వెళ్లాను. పర్యావరణానికి మేలు చేసే భవనాలకు లీడ్ అని ఒక గుర్తింపు ఇస్తారు, అందులో అన్నిటికన్నా పై మెట్టు ప్లాటినమ్. అమెరికా బయట ఆ ప్లాటినమ్ పొందిన మొదటి కట్టడం అది, 2003లో. గుండ్రటి భవనం. నడిమధ్య మన మండువా లోగిలిలాగా ఆకాశం కనబడే ముంగిలి. గాలీ వెలుతురూ వచ్చిపోయే జాలీ గోడలు. కప్పు మీద పచ్చిక. మన కప్పు మీద గడ్డి మొలిస్తే మేస్త్రీని పిలుస్తాం. వాళ్లు రాష్ట్రపతిని పిలిచారు. 2004లో అబ్దుల్ కలాం గారే దాన్ని ప్రారంభించారు.

ఆ సాయంత్రం నా ముఖం చూసి మా ఆవిడ "జ్వరమా?" అని అడిగింది. నిజానికి అటువంటిదే.

ముందుగా ఇంకుడు గుంత. "వంద చదరపు మీటర్ల కప్పు మీద ఒక్క సెంటీమీటరు వాన పడితే వెయ్యి లీటర్లండీ, మన కప్పు అందుకు మూడున్నర రెట్లు" అని సమావేశంలో లెక్క చెప్పాను. "వాన పడితే కదా" అన్నారు రెండో అంతస్తు మాస్టారు. గుంత తవ్వాం, కంకరా ఇసుకా నింపాం, వాన కోసం చూస్తున్నాం. కంపోస్టు డ్రమ్ము గురించి ఎక్కువ చెప్పను. తడి చెత్త మీద ఎండుటాకులు దండిగా వేయాలని నేను చదివాను. చదివిన సంగతి మిగతావారికి చెప్పడం మరిచాను. మూడు వారాలకు మా వాచ్‌మన్ తన కుర్చీ తీసుకెళ్లి పక్క సందులో వేసుకున్నాడు.

ఆ తరువాత సోలార్. పర్యావరణం అన్నంతసేపూ ఆవలించిన సభ్యులు సబ్సిడీ అనగానే లేచి కూర్చున్నారు. 2024 ఫిబ్రవరిలో మొదలైన సూర్య ఘర్ పథకం కింద, లిఫ్టూ మోటారూ మెట్ల దీపాల వంటి ఉమ్మడి అవసరాలకు ప్యానెళ్లు పెట్టుకునే అపార్టుమెంట్లకు కిలోవాటుకు 18,000 రూపాయలు ఇస్తారు. పది కిలోవాట్లకు లక్షా ఎనభై వేలు. తీర్మానం ఏకగ్రీవం.

బిగించడానికి వచ్చిన కుర్రాడు ఒక్కటే ప్రశ్న అడిగాడు. "ఎత్తు స్టాండా సార్, పొట్టి స్టాండా? ఎత్తుదైతే ఎనిమిది అడుగులు, కింద మనుషులు తిరగవచ్చు. ఖర్చు కొంచెం ఎక్కువవుతుంది." ప్యానెళ్ల కింద తిరిగే పని ఎవరికి ఉంటుంది? పొట్టిదే చాలన్నాను. దక్షిణం వైపు కొంచెం వాలి, నడుము ఎత్తున, పాత కాలం గుమాస్తా బల్లల్లా వరుసగా పంతొమ్మిది ప్యానెళ్లు అమరాయి. ఈ పొట్టి స్టాండును కాస్త గుర్తుంచుకోండి.

మార్చిలో కూల్ రూఫ్. తెలంగాణ ప్రభుత్వం దీనికోసం 2023లో ఒక విధానమే ప్రకటించింది. డాబా మీద ఎండను వెనక్కి కొట్టే తెల్ల పెయింటు వేస్తే కప్పు కాగదు, కింది గదులు చల్లగా ఉంటాయి. రెండు పూతలు వేయించాను. అంతకుముందు మధ్యాహ్నం పూట చెప్పుల్లేకుండా పైకి వెళితే అరికాళ్లు పెనం మీద అట్టులా కాలేవి. పెయింటు వేశాక ఒంటిగంటకు అక్కడ పద్మాసనం వేసుకుని కూర్చున్నాను. ఆ ఫొటోను అపార్టుమెంటు వాట్సాప్‌లో పెట్టాను. ఐదో అంతస్తువారు ఫ్యాను ఒక గీటు తగ్గించామన్నారు. ఆ ఉత్సాహంలో లిఫ్టు పక్కన బోర్డు మీద పెద్ద అక్షరాలతో రాశాను: "మన డాబా మీద పడే ఒక్క ఎండ పొడ కూడా వృథా పోకూడదు. ఇట్లు, కార్యదర్శి."

ఒక కిలోవాటు ప్యానెళ్లకు రోజుకు సుమారు నాలుగు యూనిట్లు రావాలి. అంటే మాకు నలభై. ఫిబ్రవరిలో నలభై ఒకటి వచ్చింది, మార్చిలో నలభై నాలుగు. ఫోనులో ఆ అంకె చూడనిదే నాకు నిద్ర పట్టేది కాదు. పక్కవాళ్లు పిల్లల మార్కులు చెప్పుకుంటుంటే మధ్యలో దూరి మా యూనిట్లు చెప్పేవాణ్ణి. అటువంటిది ఏప్రిల్ మొదటి వారంలో, మా అత్తగారు తెనాలి నుంచి వేసవికని వచ్చిన రెండో రోజో మూడో రోజో, అంకె ఇరవై ఆరుకు పడిపోయింది. మర్నాడూ ఇరవై ఆరే. ఆ మర్నాడు ఇరవై అయిదు.

దుమ్మేమో అనుకున్నాను. కాగిన అద్దం మీద చన్నీళ్లు పోస్తే చిట్లే ప్రమాదం ఉందన్నారు కాబట్టి తెల్లవారుజామున అయిదింటికే లేచి, బకెట్టూ మెత్తటి గుడ్డా పట్టుకుని పంతొమ్మిదింటినీ తుడిచాను. కొన్నింటి మీద తెల్లటి చారలు కనిపించాయి. ఒకచోట గాజు పొరలాంటి పెళుసు ముక్క అతుక్కుని ఉంది. ఫొటో తీసి సోలార్ కుర్రాడికి పంపాను. "పావురాలు సార్" అన్నాడు. అదే ఫొటోను వాట్సాప్‌లో పెట్టి, "పావురాలకు గింజలు వేయడం వెంటనే మానుకోగలరు" అని హెచ్చరించాను. ఆడవాళ్లంతా చేతులు జోడించిన బొమ్మలు పంపారు. ఎప్పుడూ నాతో ఒక పట్టాన ఏకీభవించని మూడో అంతస్తు పిన్నిగారు కూడా పంపారు. అక్కడే నాకు అనుమానం రావలసింది.

వేడేమో అన్నాడు కుర్రాడు. ప్యానెల్ ఇరవై అయిదు డిగ్రీలు దాటి వేడెక్కే కొద్దీ, డిగ్రీకి సుమారు 0.4 శాతం చొప్పున కరెంటు తగ్గుతుందట. దానికి ఎండ కావాలిగాని వేడి వద్దు, మా ఆఫీసులో కొందరికి జీతం కావాలిగాని పని వద్దన్నట్టు. అయినా ఆ లెక్కన ఆరేడు యూనిట్లు తగ్గాలిగాని పద్దెనిమిది తగ్గుతాయా?

"అయితే నీడే సార్" అన్నాడు. "ప్యానెళ్లు వరుసగా ఒకదానికొకటి కలిపి ఉంటాయి కదా. బావి దగ్గర పదిమంది నిలబడి బిందెలు చేతులు మారుస్తున్నప్పుడు ఒకడు చుట్ట కాల్చుకుంటూ నిలబడితే ఏమవుతుంది? వరుసంతా మందగిస్తుంది."

చుట్ట కాల్చేది ఎవరా అని డాబా నాలుగు మూలలా వెతికాను. పక్కింటి వేపచెట్టు కొమ్మ ఒకటి మావైపు వంగి కనిపించింది. వెళ్లి, దాన్ని కొట్టించమని మర్యాదగా అడిగాను. ఆయన వకీలు. "వాల్టా చట్టం విన్నారా? నీరు, భూమి, చెట్ల చట్టం, 2002 నాటిది. చెట్ల సంగతి కూడా అందులోనే ఉంది" అంటూ మొదలుపెట్టి నన్ను మంచినీళ్లు ఇచ్చి మరీ కూర్చోబెట్టారు. పచ్చదనం కోసం చెట్టు కొట్టించబోయిన కార్యదర్శిగా ఆ వీధిలో నా పేరు ఇప్పటికీ నిలిచి ఉంది.

అంతలో ఇంకొక విచిత్రం గమనించాను. ఆదివారం నాడు నలభై నాలుగు యూనిట్లు వచ్చాయి. సోమవారం మళ్లీ ఇరవై ఆరు. ఆ తరువాతి ఆదివారం నలభై అయిదు, సోమవారం ఇరవై ఏడు. లోకమంతా ఆదివారం సెలవు తీసుకుంటుంటే మా సూర్యుడు ఆదివారం ఒక్కరోజే పనికి వస్తున్నాడు. నేను రెండు రాత్రులు ఆలోచించి కారణం కనిపెట్టాను. పనిరోజుల్లో వాహనాల పొగ, దుమ్ము, ఆ మురికి పొర చీల్చుకుని కిరణాలు రాలేకపోవడం. ఆదివారం రోడ్లు ఖాళీ, ఆకాశం నిర్మలం. ఇదంతా గీతల పటంతో సహా వాట్సాప్‌లో పెట్టాను. మళ్లీ చేతులు జోడించిన బొమ్మలు. మాస్టారు మాత్రం, "ఆదివారం ఆదిత్యుడిది కదా, మిగతా ఆరు రోజులూ ఆదిత్యహృదయం చదివితే సరి" అని, చదవడం మొదలుపెట్టారు కూడా. మంగళవారం ఇరవై ఎనిమిది వచ్చింది. దాన్ని ఆయన తన ఖాతాలో వేసుకున్నారు.

ఇన్ని చిరాకుల మధ్య నాకు ఊరట రాత్రి భోజనమే. ముద్దపప్పు, మామిడికాయ పచ్చడి, పక్కన వేయించిన గుమ్మడి వడియాలు. నోట్లో వేసుకుంటే పటపటమనేవి.

"ఈ ఏడాది వడియాలు మహా గుల్లగా వచ్చాయండీ" అన్నాను అత్తగారితో.

"ఎండ బాగా తగిలింది బాబూ" అన్నారు ఆవిడ.

"మీ వడియాలకు తగిలిన ఎండ మా ప్యానెళ్లకు తగలడం లేదు" అని నిట్టూర్చాను. మా ఆవిడకు అప్పుడే పొలమారింది.

చివరికి కుర్రాడే ఒక బుధవారం పదకొండింటికి వచ్చి, డాబా మీద నుంచి నాకు ఫోను చేశాడు. "సార్, ఒకసారి రాగలరా?" అన్నాడు. గొంతు మారిపోయి ఉంది. కాలిపోయాయా అంటే లేదన్నాడు. దొంగలా అంటే కాదన్నాడు. "మీరే చూడాలి సార్" అన్నాడు. అరపూట సెలవు పెట్టి ఆటోలో పరుగెత్తాను.

డాబా తలుపు తోసి చూద్దును కదా, పంతొమ్మిది ప్యానెళ్లలో ఎనిమిది కనబడటం లేదు. వాటి మీద తడి పంచెలు పరిచి ఉన్నాయి. ఆ పంచెల మీద పోలీసు కవాతులా వరుసలు తీరి వడియాలు. గుమ్మడి వడియాలు, మినప వడియాలు, అద్దంలా మెరుస్తున్న సగ్గుబియ్యం వడియాలు. తొమ్మిదో ప్యానెల్ అంచున మజ్జిగ ఓడుతున్న చల్ల మిరపకాయలు. ప్యానెళ్ల నీడలో చాపలు వేసుకుని నలుగురు ఆడవాళ్లు, మరచెంబుతో మంచినీళ్లు, కాకులను తోలడానికి ఒక కర్ర. పొట్టి స్టాండు కింద మనుషులు తిరగలేరేమోగాని హాయిగా కూర్చోగలరు. ఒక ప్యానెల్ మీద ఉన్నది నా పెళ్లినాటి పంచె. జరీ అంచు చూసి గుర్తుపట్టాను.

నోటమాట రాక రెండడుగులు ముందుకు వేశాను. అత్తగారు కర్ర ఎత్తారు.

"కాస్త పక్కకు జరగండి బాబూ. మీ నీడ పడుతోంది."

సోలార్ కుర్రాడు అటు తిరిగి మీటరు చూస్తున్నట్టు నటించాడు. వాడి భుజాలు ఊగుతున్నాయి.

విచారణ అక్కడికక్కడే జరిగింది. తప్పు వాళ్లది కాదని రెండు నిమిషాల్లో తేలింది. ప్రతి వేసవిలాగే వాళ్లు వడియాలు డాబా నేల మీదే పెట్టారు. మూడు రోజులైనా ఎండలేదు, ముక్కిపోయిన వాసన వచ్చి పారబోశారు. "మీరు నేలంతా చల్లబరిచేశారు కదా" అన్నారు పిన్నిగారు. నేల కాలితేనే వడియం అడుగు ఎండుతుందట. పైన ఎండ, కింద సెగ, రెండూ ఉండాలట. ఇక డాబా మొత్తం మీద సెగ మిగిలి ఉన్న చోటు ఈ నల్లటి పలకలే. నడుము ఎత్తున ఉన్నాయి, వంగే పని లేదు. వాలుగా ఉన్నాయి, నీరు జారిపోతుంది. నేల మీద మూడు రోజుల పని ఇక్కడ ఒకటిన్నర రోజులో అవుతోంది.

"పైగా బోర్డు మీద మీరే రాశారు" అన్నారు పిన్నిగారు. "ఒక్క ఎండ పొడ కూడా వృథా పోకూడదని."

"మరి ఆదివారం?" అన్నాను, నీరసంగా.

"ఆదివారం పెట్టం బాబూ" అన్నారు అత్తగారు. "ఆదివారం మీరు ఇంట్లో ఉంటారు కదా."

ఆ రాత్రి మా ఆవిడను నిలదీశాను. "ఆ తెల్ల చారలు చల్ల మిరపకాయల మజ్జిగ అని, ఆ ముక్క సగ్గుబియ్యం అని నీకు తెలుసు కదా, చెప్పవచ్చు కదా!"

"మీరు పావురం అన్నారు. నలుగురిలో కాదనడం బాగుండదని ఊరుకున్నాను."

సమావేశంలో నేను రోజుకు పద్దెనిమిది యూనిట్ల నష్టమని కాగితం మీద చూపించాను. వాళ్లు ఇరవై ఇళ్లకూ సరిపోయిన వడియాల డబ్బాలు తెచ్చి బల్ల మీద వరుసగా పేర్చారు. సభ ఎటువైపు చూసిందో చెప్పనక్కర్లేదు. డాబా నైరుతి మూల పది అడుగుల పొడవూ పది అడుగుల వెడల్పూ మేర నల్ల పెయింటు వేయించాలని తీర్మానించారు. ఎండను వెనక్కి కొట్టడానికి రెండు పూతలు వేయించిన చేతులతోనే, ఎండను పీల్చుకోవడానికి ఒక పూత నేనే దగ్గరుండి వేయించాను. పెయింటు దుకాణంవాడు "కూల్ రూఫేనా సార్?" అని అడిగితే, "కాదు, హాట్ రూఫ్" అని చెప్పి వచ్చాను. కుర్రాడు తన నివేదికలో "కారణం: కాలానుగుణమైన నీడ" అని రాశాడు. వెళ్తూ వెళ్తూ అరకిలో పొట్లం తీసుకున్నాడు.

మర్నాటి నుంచి అంకె నలభై దాటింది. వాట్సాప్‌లో మాస్టారు అది ఆదిత్యహృదయం మహిమ అని రాశారు. ఈసారి చేతులు జోడించిన బొమ్మ నేను పంపాను.

ఆ రాత్రి భోజనంలో కంచం పక్కన అయిదు వడియాలు పడ్డాయి. పాత సరుకే, ప్యానెళ్ల మీద ఎండినదే. రోజుకు పద్దెనిమిది యూనిట్లు, మూడు వారాలు, అందులో ఆదివారాలు తీసేస్తే మూడు వందల ఇరవై నాలుగు యూనిట్లు, దాన్ని డబ్బాలతో భాగిస్తే ఒక్కో వడియానికి ఎంత కరెంటు పట్టిందో అని వేలు గాలిలో తిప్పుతూ లెక్క కడుతున్నాను.

"ముందు తినండి బాబూ" అన్నారు అత్తగారు. "మెత్తబడిపోతాయి."