పత్తి బేలు రాయి కాదు

మార్చి దాటిందంటే చాలు, స్పిన్నింగ్ మిల్లుల వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తిరగడం మొదలవుతుంది. ఈసారి నాకు మూడు గ్రూపుల్లో వచ్చింది. ఒకదాంట్లో పెట్టింది స్వయానా మా బావమరిది. బేలు అంటే ప్రెస్‌లో నొక్కి పట్టీలు బిగించిన పత్తి మూట. బేళ్ళు ఒకదాని మీద ఒకటి పేర్చిన దొంతరను నెట్టు అంటాం. ఆ మెసేజ్‌లో ఉన్నది ఇదీ: "ప్రెస్‌లో గట్టిగా నొక్కిన బేలు రాయితో సమానం. లోపల గాలి ఉండదు కాబట్టి నిప్పు బతకదు. గోడౌన్లు కాలేది ఎండకు పత్తి తనంతట తాను అంటుకోవడం వల్లే. అందుకని ఎండాకాలం బేళ్ళ మీద రోజూ నీళ్ళు చిలకరించాలి. నెట్టు గోడకు ఆనించి కడితే కూలదు, జాగా కూడా కలిసొస్తుంది. ఒకవేళ అంటుకున్నా, పైన మంట ఆరితే ఆరినట్టే." కింద '20 ఏళ్ళ అనుభవంతో' అని ముద్ర కూడా ఉంది.

గుంటూరు చుట్టుపక్కల మిల్లుల్లో గోడౌన్ చూసుకున్న అనుభవం నాకూ ఉంది. అందుకే ఒక్కో మాటా తీసుకుని చెప్తాను.

మొదటిది, గాలి సంగతి. మన బేలు తూకం 170 కిలోలు. టేపు పెట్టి మూడు వైపులా కొలిచి లెక్కేస్తే ఘనపు మీటరుకు 450 నుంచి 500 కిలోల దాకా తేలుతుంది. పత్తి పోగులో ఉండే అసలు పదార్థం సెల్యులోజ్. అది ఘనపు మీటరుకు 1,500 కిలోల పైమాటే. అంటే ఎంత నొక్కినా బేలులో మూడో వంతే పత్తి, మిగతా రెండు వంతులూ గాలే. రాయి అంటున్నది దీన్ని!

ఇందులో సగం నిజం ఉందని ఒప్పుకోవాలి. శుభ్రంగా, పొడిగా, గట్టిగా కట్టిన బేలు ఒక్క సిగరెట్ పీకకి అంత తేలిగ్గా అంటుకోదు. అమెరికాలో పరీక్షలు చేసి ఆ సంగతి తేల్చారు. ఘనపు మీటరుకు 360 కిలోలకు తగ్గకుండా నొక్కిన పొడి పత్తి బేళ్ళను మూసిన కంటెయినర్లలో పంపితే, సముద్ర రవాణా నియమాలు వాటిని ప్రమాదకర సరుకుగా చూడవు. కానీ బయట నుంచి అంటుకోకపోవడం వేరు, లోపల నిప్పు పెట్టుకునే రావడం వేరు. జిన్నింగ్‌లో, అంటే గింజ నుంచి దూది వేరుచేసే చోట, పత్తితో పాటు చిన్న రాయో, మేకో, బోల్టో పోయి రంపపు పళ్ళకు తగిలిందంటే నిప్పురవ్వ లేస్తుంది. ఆ రవ్వ అంటుకున్న దూది పాయ గాలి గొట్టంలో కొట్టుకొచ్చి నేరుగా ప్రెస్‌లో పడుతుంది. పైన ఇంకో వంద కిలోలు పడి, పట్టీలు బిగిసి, గుడ్డ చుట్టి, నంబరు వేసి లారీ ఎక్కిస్తారు. ఇక ఆ నిప్పు మంట లేకుండా, పొగ కూడా సరిగ్గా బయటికి రాకుండా, ఉన్న గాలితోనే రోజుల తరబడి లోలోపల తొలుచుకుంటూ పోతుంది.

ఒకసారి నా కళ్ళముందే అలాంటి బేలు తెరిచాం. వచ్చి ఐదారు రోజులైంది. మిక్సింగ్‌కి, అంటే వేర్వేరు బేళ్ళ పత్తి కలపడానికి, తెచ్చి పట్టీలు కోశాక, పై పొరలు పుస్తకం కాగితాల్లా తెల్లగా, చక్కగానే ఊడొచ్చాయి. నాలుగు పొరలు తీసేసరికి ఇస్త్రీపెట్టె కింద మాడిన చొక్కా వాసన. ఇంకో రెండు పొరలకి లేత గోధుమ రంగు, ఆ కింద నల్లగా, చెయ్యి పట్టేంత గుంట. అంచుల్లో ఎర్రటి చుక్కలు పాకుతున్నాయి. గాలి తగలగానే ఆ చుక్కలు ఒక్కసారి వెలిగాయి. మేం ఇంకో రెండు పొరలు తీసి ఉంటే బ్లోరూమ్‌కి (పత్తిని విడదీసి దులిపే యంత్రాలుండే చోటు) నేనే స్వయంగా నిప్పు పెట్టినవాణ్ణి అయ్యేవాణ్ణి. ఆ బేలు తర్వాత ఏమైందో చివర్లో చెప్తాను.

అప్పట్నుంచీ కొత్తగా దిగిన లాట్‌ను, అంటే ఒకే విడతలో వచ్చిన బేళ్ళను, పాత సరుకుతో కలిపేవాళ్ళం కాదు. కొన్ని రోజులు విడిగా ఉంచి, పొద్దునా సాయంత్రం ముక్కుతోనూ చేతితోనూ చూసేవాళ్ళం. ఒక బేలు పక్కబేలు కంటే వెచ్చగా తగిలితే దానికి పట్టీలు కొయ్యకుండానే బయటికి పంపేవాళ్ళం.

ఇక ఎండకు తనంతట తాను అంటుకుంటుందన్న మాట. పత్తి అంటుకోవాలంటే 400 డిగ్రీల దరిదాపు వేడి కావాలి. మే నెలలో రేకుల షెడ్డు ఎంత ఉడికిపోయినా అది ఆ వేడికి ఆమడ దూరం. మరి ఎండాకాలమే ఎందుకు కాలుతున్నాయంటే, పంట అక్టోబరు నుంచి వస్తుంది, మార్చికి గోడౌన్లు కప్పు దాకా నిండి ఉంటాయి. గాలి పొడిగా ఉంటుంది, పోగు పొడిగా ఉంటుంది, రవ్వ పడితే పట్టుకుంటుంది. ఆ రవ్వ ఎండ వెయ్యదు. లోడుతో లోపలిదాకా రివర్స్ వచ్చిన లారీ సైలెన్సర్ వేస్తుంది, ఎప్పటిదో అతుకుల వైరు వేస్తుంది, దూది ధూళి పేరుకున్న లైటు వేస్తుంది, కప్పు రేకుకి వెల్డింగ్ చేస్తున్నవాడు వేస్తాడు. బీడీ సంగతి చెప్పక్కర్లేదు. 'ఎండకు అంటుకుంది' అనుకోవడంలో ఒక సుఖం ఉంది, ఎవరినీ అడగనక్కర్లేదు.

పత్తి తనంతట తాను వేడెక్కే సందర్భాలు లేకపోలేదు. పత్తిగింజల నూనో, అవిసె నూనో పీల్చుకున్న దూది కుప్పగా పడి ఉంటే వేడెక్కి రాజుకుంటుంది. నూనె తుడిచిన వేస్టుకి మూత ఉన్న ఇనప డబ్బా పెట్టేది అందుకే. రెండో సందర్భం, తడి. ప్రమాదకర సరుకులకు ఐక్యరాజ్యసమితి నంబర్లు ఇచ్చింది కదా, వాటిలో తడి పత్తి 1365. అది తనంతట తాను వేడెక్కే సరుకుల తరగతిలో ఉంది. పొడి పత్తి ఆ తరగతిలో లేదు. మెసేజ్ రాసినాయన మాత్రం ఎండకు అంటుకోకుండా రోజూ నీళ్ళు చల్లమంటున్నాడు. రోగం లేనివాడికి రోగమొచ్చే మందు ఇవ్వడమంటే ఇదే. బేలులో తేమ ఎనిమిది శాతం దగ్గర ఉంటే దానికి క్షేమం. అది బాగా పెరిగితే సూక్ష్మజీవులు చేరతాయి, పోగు పసుపెక్కుతుంది, బలం పోతుంది. తూకం కోసం అక్కడక్కడా నీళ్ళు కొట్టి పంపే పత్తితోనే మిల్లులు పడుతున్న పాట్లు చాలు, మళ్ళీ మనం కూడా ఎందుకు?

గోడకు ఆనించడం గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే మంటల మీద వార్తలొస్తాయి, విరిగిన కాళ్ళ మీద రావు.

బేలు పెట్టె లాంటిది కాదు. పట్టీల మధ్య పొట్ట ఉబ్బి ఉంటుంది, కిందా పైనా చదును ఉండదు. అలాంటివి ఒకదాని మీద ఒకటి నిలువుగా పేర్చుకుంటూ పోయి గోడకు ఆనిస్తే, అది నిలబడింది గోడ బలం మీదే. ఆ గోడ పక్కనుంచి తోసే బరువుకు కట్టింది కాదు. పైగా తడిసిన పత్తి ఉబ్బుతుంది, పట్టీ తెగితే బేలు విప్పుకుంటుంది. అప్పుడు ఆ తోపుడంతా గోడ మీదే. వెనక మనిషి పట్టే సందు లేకపోతే వాన చెమ్మ కనపడదు, వెచ్చదనం తెలియదు, పైపు పెట్టడానికి వీలుండదు. గోడకూ నెట్టుకూ మధ్య కనీసం 60 సెంటీమీటర్లు వదలమనేది ఇందుకే. పైన స్ప్రింక్లర్లు ఉంటే వాటి కింద 45 సెంటీమీటర్లు ఖాళీ ఉండాలి, లేకపోతే నీళ్ళు పక్క నెట్టుకు చేరవు.

మరి నెట్టు దేంతో నిలబడాలి? తన కట్టుతోనే. ఒక వరస నిలువు, మీది వరస అడ్డం. పైకి పోయేకొద్దీ ఒక్కో మెట్టు లోపలికి. అడుగున చెక్కలు. ఇవి తెలియని హమాలీ ఉండడు. నెట్లు కూలేది కట్టడంలో కంటే తియ్యడంలోనే ఎక్కువ. నూలు నాణ్యత కోసం మిక్సింగ్‌కి ఫలానా లాట్ బేళ్ళే కావాలంటారు. అవి ఎప్పుడూ కిందా మధ్యలోనే ఉంటాయి. పైవన్నీ దించాలంటే గంట పని, అవతల బ్లోరూమ్ ఖాళీగా తిరుగుతుంటుంది. "ఈ ఒక్కటే కదండీ, కొక్కెం వేసి లాగేస్తాం" అన్నాడు మా మేస్త్రీ ఒకరోజు. నేను సరేనన్నాను, టెన్షన్‌లో ఉన్నాను. బేలు సగం బయటికి రాగానే పైవి రెండు దొర్లాయి. ఒకటి పక్కకి పోయింది. రెండోది ఒక కుర్రాడి కాలి మీద, మోకాలికి దిగువన పడింది. తప్పు మేస్త్రీది కాదు, లాట్లు ముందూ వెనకా చూసుకోకుండా కట్టించిన నాది. తర్వాత ఒక్కో లాట్‌కీ విడి నెట్టు, మధ్యలో దారి పెట్టించాను. జాగా ఎక్కువే పట్టింది.

ఆఖరిది, పైన ఆరితే ఆరినట్టే. ఒక గ్లాసు నీళ్ళలో జిన్నింగ్ నుంచి వచ్చిన దూది పింజ వేసి చూడండి, తేలుతుంది. మందుల షాపు దూది వెయ్యండి, మునుగుతుంది. ముడి పత్తి పోగు మీద సహజంగా మైనం ఉంటుంది, అది నీటిని దగ్గరికి రానివ్వదు. పైపుతో కొట్టిన నీళ్ళు బేలు చర్మం తడిపి జారిపోతాయి. నీటిలో సబ్బులాంటి మందు కలిపి కొట్టమనేది అందుకే. కార్బన్ డయాక్సైడ్ సిలిండర్ కొడితే పైమంట చస్తుంది, లోపలిది కాసేపాగి మళ్ళీ లేస్తుంది.

1944 ఏప్రిల్ 14న బొంబాయి రేవులో ఫోర్ట్ స్టికీన్ అనే ఓడలో పత్తి బేళ్ళకు నిప్పంటుకుంది. అదే ఓడలో పేలుడు పదార్థాలు కూడా ఉన్నాయి. 900 టన్నులకు పైగా నీళ్ళు పోశారు. నిప్పు ఎక్కడుందో మాత్రం అందలేదు. సాయంత్రం నాలుగు దాటాక ఓడ పేలి, రేవూ చుట్టుపక్కలా వందలమంది పోయారు.

మా మాడిన బేలును ఆరోజు తోపుడు బండి మీద వెనక ఖాళీ స్థలంలోకి తోయించాం. సాయంత్రం దాకా నీళ్ళు కొట్టాం. పొగ ఆగింది. నేను రిజిస్టర్‌లో 'ఆరింది' అని రాసి సంతకం కూడా పెట్టాను. నాలుగో రోజు రాత్రి రెండింటికి వాచ్‌మన్ ఫోన్ చేశాడు, "అయ్యా, అది ఎర్రగా కనపడుతోంది" అని.