బండ్లు అమ్ముడుపోకపోతే ముందు పోయేది కాంట్రాక్టు కూలీ

తెల్లారకముందే సత్యవేడు, వరదయ్యపాళెం రోడ్ల మీద కంపెనీ బస్సు కోసం నిలబడే కుర్రాళ్లను లెక్కబెట్టండి, బండ్ల మార్కెట్ ఎట్లా ఉందో తెలిసిపోతుంది. ఆర్డర్లు ఉన్నన్నాళ్లు ఓటీ (ఓవర్‌టైమ్) చెయ్యమని వాళ్లనే బతిమాలతారు. అమ్మకాలు పడిపోయాయంటే ముందు ఓటీ పోతుంది, తర్వాత ఒక షిఫ్టు పోతుంది, ఆ తర్వాత కాంట్రాక్టర్ మనిషి వచ్చి ‘కొన్నాళ్లు ఆగు, ఫోన్ చేస్తాం’ అంటాడు. ఆ ఫోన్ ఎక్కడ తప్పిపోతుందోనని, సిగ్నల్ అందని పొలానికి కూడా పోకుండా ఇంటి అరుగు మీదే కూర్చున్న పిల్లోణ్ని మేం చూశాం. మెడలో ఐడీ ట్యాగు ఇంకా అట్లానే ఉంది.

2019 గుర్తుందా? అంతకు ముందు ఏడాది ఫైనాన్స్ కంపెనీల దగ్గర డబ్బు ఎండిపోయి లోన్లు బిగుసుకున్నాయి, బండితో పాటే మూడేళ్ల ఇన్సూరెన్స్ కట్టాల్సి వచ్చింది, కొనాలనుకున్నవాడు ఆగిపోయాడు. ఆ ఆగస్టులో దేశంలో కార్లు, ఎస్‌యూవీలు, వ్యాన్లు అన్నీ కలిపి అమ్మకాలు అంతకు ముందు ఏడాది ఆగస్టు కంటే 31 శాతానికి పైగా పడిపోయాయి. ఒక్క షోరూముల్లోనే మూడు నెలల్లో దాదాపు 2 లక్షల ఉద్యోగాలు పోయాయని డీలర్ల సంఘమే చెప్పింది. సెప్టెంబరు 20న కేంద్రం కార్పొరేట్ పన్నును 30 నుంచి 22 శాతానికి తగ్గించింది. 2025 సెప్టెంబరు 22 నుంచి చిన్న కార్ల మీద జీఎస్టీని 28 నుంచి 18 శాతానికి దించారు. ఇవి తప్పని మేం అనడం లేదు. బండి కదిలితేనే ఫ్యాక్టరీ కదులుతుంది. కానీ రెండుసార్లూ సాయం అందుకున్నది అమ్మేవాడు, కొనేవాడు. అరుగు మీద కూర్చున్నవాడి మాట ఎవరూ ఎత్తలేదు.

తిరుపతి, చిత్తూరు, మన ఈ రెండు జిల్లాలకు ఇది దూరపు వార్త కాదు. శ్రీసిటీలో ఇసుజు బండ్లు, సత్యవేడు దగ్గర హీరో బైకులు, చినపండూరులో అపోలో టైర్లు, కరకంబాడిలో, నూనెగుండ్లపల్లెలో అమరరాజా బ్యాటరీలు. ఇందులో ఒక ఊరట కూడా ఉంది. కొత్త కారు కొనలేనివాడు పాత కారునే ఇంకో రెండేళ్లు నడుపుతాడు, దానికి టైర్లు అరుగుతాయి, బ్యాటరీ చచ్చిపోతుంది, అవి మార్చక తప్పదు. అందుకే ఈ రెండు సరుకులు కార్లంత ఘోరంగా పడిపోవు. కానీ కొత్త బండ్లకే పార్టులు చేసి ఇచ్చే చిన్న చిన్న యూనిట్లకు ఆ ఊరట లేదు. పెద్ద కంపెనీ వారం రోజులు లైన్ ఆపితే వీళ్లకు నెల బిల్లు ఆగుతుంది, జీతాలూ ఆగుతాయి.

తిరుపతిలో ట్యాక్సీ వాళ్ల సంగతి మరీ దారుణం. 2020 మార్చి 20న కొండ మీద దర్శనాలు ఆగితే మళ్లీ మామూలు భక్తులకు మొదలైంది జూన్ 11న. అన్నాళ్లూ బండ్లు ఇళ్ల ముందే ఆగిపోయాయి. ఈఎంఐలు తర్వాత కట్టుకోమన్నారు నిజమే, కానీ వడ్డీ మాత్రం ఆగలేదు.

పర్మినెంట్ కార్మికుణ్ని పని లేదని కొన్నాళ్లు ఆపి లేఆఫ్‌లో పెడితే చట్టప్రకారం సగం జీతమైనా ఇవ్వాలి. అదే మెషీన్ దగ్గర అదే పని చేసిన కాంట్రాక్టు పిల్లోడికి ‘రావద్దు’ అన్న మాట ఒక్కటే దక్కుతోంది. స్థానికులకు 75 శాతం ఉద్యోగాలని 2019లో రాష్ట్రం చట్టం చేసింది, ఆ చర్చంతా చేర్చుకోవడం గురించే నడిచింది. తీసేసే రోజు గురించి కూడా మాట్లాడాలి. రాయితీ అడిగే కంపెనీ ఎంతమంది కాంట్రాక్టు వాళ్లను ఉంచిందో, ఎంతమందిని తీసేసిందో లెక్క చెప్పాలి, మళ్లీ ఆర్డర్లు వచ్చినప్పుడు ముందు వాళ్లనే పిలవాలి. ఈ షరతు లేకుండా ఒక్క రూపాయి రాయితీ కూడా ఇవ్వొద్దు.

ఇంకొకటి, ఇది వెంటనే చేయదగ్గది. కార్మికుల బీమా సంస్థ ఈఎస్ఐలో పని పోయినవాళ్లకు భృతి ఇచ్చే పథకం 2018లోనే మొదలైంది. అటల్ బీమిత్ వ్యక్తి కల్యాణ్ యోజన అంటారు. గరిష్ఠంగా 90 రోజులకు మొదట జీతంలో 25 శాతం ఇచ్చేవాళ్లు, 2020లో దాన్ని 50 శాతం చేశారు. మేం పలకరించిన కుర్రాళ్లలో ఒక్కరికీ దీని పేరు తెలియదు. కొందరికి తమ ఈఎస్ఐ నంబరే తెలియదు, జీతంలో కోసిన చందా కాంట్రాక్టర్ కట్టాడో లేదో అసలే తెలియదు. రెండు జిల్లాల కలెక్టర్లు కార్మిక శాఖను, ఈఎస్ఐ సిబ్బందిని వెంటబెట్టుకుని క్యాంపులు పెట్టించాలి. గేటు పాసు పోయినవాడు కంపెనీ దగ్గరికి రాలేడు కాబట్టి సత్యవేడు, వరదయ్యపాళెం, బంగారుపాళెం ఊళ్లల్లోనే పెట్టించాలి, అదీ ఈ నెలలోనే.